గిన్నె మీది పేరు, తుపాకీ మీది నెంబరు

"మీది కడపా? అయితే మీ ఇంట్లో బాంబులుంటాయా అండీ?" అని అడిగింది హైదరాబాదులో మా అమ్మాయి వాళ్ల ఎదురింటావిడ. తమాషాకే అడిగింది లెండి. అడిగి, తనే నవ్వేసి, నేను చేసిన అలసంద వడ ఇంకొకటి తీసుకుంది. నాకు పుట్టిల్లు కడప, మెట్టినిల్లు కర్నూలు జిల్లా. అందుచేత ఈ ప్రశ్న రెండు వైపులనుంచీ తగులుతుంటుంది. అంతా సినిమాల వాళ్ల పుణ్యం. మేమూ అందరిలాగే పొద్దున లేచి పాలవాడి కోసం ఎదురుచూస్తామనీ, మధ్యాహ్నం మిద్దె మీద వడియాలు ఎండబెట్టుకుంటామనీ, మా యుద్ధాలు చాలావరకు నీళ్ల కొళాయి దగ్గర మొదలై అక్కడే ముగిసిపోతాయనీ చెప్తే ఎవరూ నమ్మరు.

బాంబులైతే లేవు గానీ, మా అత్తవారింట్లో ఒక తుపాకీ మాత్రం ఉండేది. ఆ మాట ఆవిడతో అనలేదు. అని ఉంటే వడ గొంతుకు అడ్డం పడేది. మీతో చెప్తాను, మీరు ఇంటికి దూరంగా ఉన్నారు గనక.

తుపాకీ అంటే భుజాన వేసుకునేంత పెద్దది కాదు. పిస్తోలు. జర్మనీ వాళ్లది, పేరు మౌజరు. లైసెన్సు ఉంది (ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది). పిడి మామూలు పిస్తోళ్లకు మల్లే బల్లపరుపుగా ఉండదు. అరిగిపోయిన చీపురుకట్ట పిడిలాగా గుండ్రంగా, సన్నగా ఉంటుంది. దాన్ని దాచే ఒర తోలుది కాదు, చెక్కది. ఆ చెక్కపెట్టెనే తీసి పిడి వెనక తగిలిస్తే భుజానికి ఆనించి కాల్చే చిన్న తుపాకీ అయిపోతుందట. మా ఇంట్లో మాత్రం ఆ ముచ్చట ఎవరూ తీర్చుకోలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు ఆ చెక్కపెట్టెలో స్వెట్టరు అల్లే సూదులు పెట్టుకునేవారు. తుపాకీని పాత పంచె గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేవారు.

మావారి జేజినాయన మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు, వెళ్లి వచ్చిన మనిషి. బస్రా రేవులో దిగి, బాగ్దాదు దాకా పోయి, అక్కడ టర్కీ వాళ్ల పక్షాన పోరాడుతున్న ఒక జర్మన్ ఆఫీసరును చేతులెత్తించి, వాడి నడుముకున్న ఈ మౌజరును లాక్కున్నాడట. ఆ ఆఫీసరు కళ్లు పిల్లి కళ్లట. ఈ కథ మా ఇంట్లో మగవాళ్లందరికీ కంఠతా వచ్చు. మావారు చెప్పేటప్పుడు ఆఫీసరు ఒక్కడే ఉండేవాడు. మా మరిది చెప్పేటప్పుడు ఇద్దరయ్యేవారు. మా మరిది కొడుకు దగ్గరికొచ్చేసరికి గుర్రాలు కూడా వచ్చాయి.

ఆడవాళ్లు మాత్రం ఈ కథ చెప్పగా నేను వినలేదు. అది నాకు చాలా ఏళ్ల వరకు తట్టనే లేదు.

దసరాకు ఆయుధపూజ చేస్తాం గదా. కత్తిపీట, కుట్టుమిషను, మావారి స్కూటరు, పిల్లల జామెట్రీ బాక్సులు, వాటితోపాటు ఈ మౌజరు. మా అత్తగారు అన్నింటికీ ఒకే రకంగా బొట్లు పెట్టుకుంటూ వచ్చి, తుపాకీ దగ్గర మాత్రం ఆగి, పిడి మీద పెద్ద బొట్టు పెట్టి కళ్లకద్దుకునేవారు. "కత్తిపీట కన్నా దీనికెందుకత్తా అంత భక్తి? ఏనాడన్నా ఒక పిట్టనన్నా కొట్టిందా?" అన్నాను ఒకసారి. "తుపాకికి కాదు మ్మీ బొట్టు, మా అత్త కాసులకు" అన్నారావిడ. లక్ష్మీదేవి కాసులు కాబోలు, ఇదేదో ఇంటి ఆచారం కాబోలు అనుకొని ఊరుకున్నాను. కొత్త కోడలికి అర్థంకాని మాటలు రోజుకు పది వినపడతాయి. అన్నింటికీ అర్థం అడుగుతూ కూర్చుంటే పొయ్యి మీది పప్పు మాడుతుంది.

తుపాకీ ఉన్న ఇల్లంటే దర్జా అనుకుంటారు గానీ, ఆ తిప్పలు మీకు తెలియవు. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న దుకాణంలోనో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఫలితాలు వచ్చాక మళ్లీ పోయి తెచ్చుకోవాలి. పార్లమెంటు అన్నారు, అసెంబ్లీ అన్నారు, పంచాయతీ అన్నారు. కొత్తగా పెళ్లైన పిల్ల పుట్టింటికి పోయినట్టు మా మౌజరు పోతూ వస్తూ ఉండేది. మధ్యలో లైసెన్సు రెన్యువలు ఒకటి. అది కాల్చినన్ని గుండ్లు సున్నా, మావారు దాని కోసం అరగదీసిన చెప్పులు అయిదారు జతలు.

2021లో మావారు పోయారు. ఆ సంగతి ఇక్కడ ఎక్కువ రాయను. మనిషి పోయాక కాగితాలు మిగులుతాయి. బ్యాంకు కాగితాలు, పింఛను కాగితాలు, ఇంటి పన్ను కాగితాలు. అన్నీ ఒక్కొక్కటే సర్దుకుంటూ వచ్చి తుపాకీ లైసెన్సు దగ్గర ఆగిపోయాను. లైసెన్సు మనిషికే గాని ఇంటికి కాదు. ఆ మనిషి లేనప్పుడు తుపాకీని అప్పగించాలి. వారసుల్లో ఎవరికైనా కావాలంటే తమ పేర లైసెన్సుకు పెట్టుకోవాలి. 1959 నాటి ఆయుధాల చట్టం అదే చెబుతుంది. సరే, అప్పగిద్దామని తీసుకుపోతే అక్కడ తేలింది అసలు సంగతి. కాగితం మీద ఉన్న నెంబరు వేరు, తుపాకీ మీద ఉన్న నెంబరు వేరు!

ఎప్పుడో ఒకప్పుడు పాత పుస్తకంలోంచి కొత్త పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు ఎవరో ఒక ఒకట్ని ఏడు చేశారు. ఏ ఆఫీసులో, ఎవరి చేతిలో జరిగిందో ఆ ఊసెందుకు లెండి. ఒకటికి తోక కొంచెం పొడుగైతే ఏడు అవుతుంది. కానీ దాని ఫలితం చూడండి. లైసెన్సున్న తుపాకీ లోకంలోనే లేదు. లోకంలో ఉన్న తుపాకీకి లైసెన్సు లేదు. నలభై ఏళ్లు రెన్యువలు చేయించిన మావారు, పాపం, ఆ ఒకటినీ ఏడునీ పక్కపక్కన పెట్టి చూడలేదు. కూరగాయల బిల్లులో పావలా తేడా వస్తే వెనక్కి పంపే మనిషి!

ఇటువైపు చూస్తే వారసులు ముగ్గురు తయారయ్యారు. "అన్న తర్వాత నేనే గదా వదినా" అంటాడు మా మరిది. ఆయన కొడుకేమో, ఈ తుపాకీని అడ్డం పెట్టుకొని పుస్తకమో సినిమానో తీయాలంటాడు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఫోను చేసి, "అమ్మా, పెద్దకొడుకు పెద్దకొడుకును నేను. అది నాకు రావాలి" అన్నాడు. విమానంలో గోళ్లు తీసుకునే కత్తెర కూడా పట్టుకుపోనివ్వరు గదరా అన్నాను. "అది వేరే విషయం" అన్నాడు. మా ఆడబిడ్డ ఉంది ప్రొద్దుటూరులో. ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను.

నెంబరు సంగతి తేల్చడానికి ఒకరోజు నేనూ, మా మరిదీ, ఆయన కొడుకూ కలిసి కర్నూలు పోయాం. కొండారెడ్డి బురుజు దాటి పాత ఊరి సందుల్లో ఉంది ఆ దుకాణం. అందులో తుపాకులు బాగుచేసే ఒక సాయిబుగారు ఉన్నారు. ఎనభై ఏళ్లుంటాయేమో. తెల్ల గడ్డం, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, చేతిలో గడియారాల వాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం. మేం చెప్పిందంతా వినకుండానే పంచె గుడ్డ విప్పి, తుపాకీ ఖాళీగా ఉందో లేదో ముందు చూసుకొని, తర్వాత "మాషా అల్లా" అన్నారు. అన్నది తుపాకీని చూసో, దానికి చుట్టిన పంచె గుడ్డను చూసో నాకు తెలియదు.

ఆయన దాన్ని విప్పడం మొదలుపెట్టారు. నేను అనుకున్నాను, ఇక మరసీలలన్నీ నేలమీద పడతాయి, వెతుక్కోవడం నా పనే అని. ఒక్కటే మరసీల వచ్చింది.

"దీనికి ఇదొక్కటేనమ్మా సీల. పిడి చెక్కలు పట్టుకునేదానికి. మిగతాదంతా ఒకదాంట్లో ఒకటి ఇమిడి కూర్చుంటాది" అన్నారు. నిజంగానే లోపలి ముక్కలన్నీ పిల్లలాడుకునే చిక్కుముడి బొమ్మలాగా ఒకదానికొకటి తాళం వేసుకొని ఉన్నాయి. ఇలాంటి తలకాయ ఎవరిదని అడిగాను. జర్మనీలో నెక్కారు నది ఒడ్డున ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరు, అక్కడ మౌజరు కంపెనీ. ఆ కంపెనీలో పనిచేసే ఫీడర్లే అనే ముగ్గురు అన్నదమ్ములు 1890ల్లో ఈ పిస్తోలు తయారుచేశారు. పేటెంటు మాత్రం యజమాని పాల్ మౌజరు పేర తీసుకున్నారు. 1896 నుంచి అమ్మకం. అందుకే దాన్ని సి-96 అంటారట. వండింది ఒకరు, పేరు ఒకరిది! ఇందులో ఆశ్చర్యపోవలసింది నాకేమీ కనపడలేదు.

తర్వాత ఆయన ఒక్కొక్క ముక్కనూ భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నారు. మగవాళ్లిద్దరినీ వదిలేసి నన్నెందుకు చూడమన్నారో మరి. బహుశా కళ్లద్దాలు పెట్టుకున్నది నేనొక్కదాన్నే గనకేమో. చూద్దును గదా, ప్రతి ముక్క మీదా చిన్న చిన్న అంకెలు. పూర్తి నెంబరు రెండు చోట్ల ఉంది. గొట్టం మొదట్లో గుండు కూర్చునే గది ఎడమ పక్కన ఒకటి, పిడికి పైన వెనకవైపు ఒకటి. మిగతా చిన్న ముక్కల మీద ఆ నెంబరులోని చివరి అంకెలు మాత్రమే. ఆ రోజుల్లో ముక్కల్ని యంత్రం కోసినా, చివరకు ఆకురాయి పట్టి చేత్తో రాసి ఒకదానికొకటి సరిపెట్టేవారట. ఒక పిస్తోలు ముక్క ఇంకొక పిస్తోలులో సరిగ్గా కూర్చోదు. కలిసిపోకుండా ఒక ఇంటి ముక్కలన్నింటికీ ఒకే నెంబరు కొట్టేవారు.

ఓస్, ఇంతేనా అనిపించింది నాకు. మన గిన్నెల మీద పేర్లు చెక్కించడం లేదూ? నా పెళ్లికి మా అమ్మ కొన్న ప్రతి గిన్నె మీదా, మూత మీదా, చివరకు అట్లకాడ మీద కూడా పాత్రల కొట్టు ముందు కూర్చునే మనిషి చేత చుక్కలు చుక్కలుగా నా పేరు కొట్టించింది. ఉమ్మడి సంసారంలో, పెళ్లిళ్లలో, చావుల్లో, గిన్నెలు ఊరంతా తిరిగి వచ్చేటప్పటికి గిన్నె నాదైతే మూత మా తోడికోడలిది. ఇప్పుడు నా వంటింట్లో ఉన్న ఇత్తడి బోగాణి మా అత్తగారిది, దాని మీది మూత మా చిన్నత్తగారిది, అందులోని గరిటె మీద ఎవరో "చి. సౌ. సుబ్బమ్మ" అని ఉంది. మా వంశంలో సుబ్బమ్మ ఎవరో మాకెవరికీ తెలియదు. కాబట్టి సాయిబుగారు చెప్పే విద్య నాకు కొత్తది కాదు. ఏ ముక్క ఇంటిది, ఏ ముక్క వలస వచ్చింది, నేనే చెప్పడం మొదలుపెట్టాను.

గొట్టం, చట్రం, లోపలి అర ఒకే ఇంటివి. లోపల అటూ ఇటూ ఆడే దిమ్మె కూడా ఇంటిదే. వెనక పైకి లేచే సుత్తి ఉంది చూశారూ, దాన్ని వాళ్లు ఘోడా అంటారు, అది మాత్రం పరాయిది. అంకెలు కలవవు. పైగా దాని వెనక ఎన్, ఎస్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కలిపి చెక్కి ఉన్నాయి. జర్మనీ భాషలో "కొత్త భద్రత" అని అర్థమట. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి వచ్చిన మీట మార్పు అది. అంటే ఘోడా వయసు తుపాకీ కన్నా చిన్నది. చెక్కపెట్టె ఇనుప పట్టీ మీద నెంబరు కూడా వేరే. మా అత్తగారి అల్లిక సూదులు పరాయి ఇంట్లో కాపురం చేశాయన్న మాట!

గొట్టం పక్కన ఒక బుల్లి కిరీటం, దాని కింద యు అనే అక్షరం. అది సర్కారు పరీక్ష ముద్ర. జర్మనీలో 1891లో చట్టం చేసి, ఎక్కువ మందు పెట్టి కాల్చి చూసి, పగలకపోతేనే ఈ ముద్ర కొట్టి అమ్మనిచ్చేవారు. మన ప్రొద్దుటూరు బజారులో బంగారం కొనేటప్పుడు ముద్ర చూసుకుంటాం గదా, అలాంటిదే. ఈ మౌజరుకు స్పెయిన్‌లోనూ, చైనాలోనూ నకళ్లు వచ్చాయి. చైనాలో దీనికి గిరాకీ మరీ ఎక్కువట. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. దగ్గరగా చూసి అక్షరాలు చదివితేనే ఏది ఎవరి బిడ్డో తెలుస్తుంది.

నెంబరు ఎంత గట్టి సాక్షో ఒక కథ చెప్పారు సాయిబుగారు. తర్వాత నేను పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నాను. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా అండ్ కో అనే తుపాకుల కంపెనీకి ఓడలో సరుకు వచ్చింది. కస్టమ్సు నుంచి విడిపించి తేవలసిన గుమాస్తా విప్లవకారుల మనిషి. 202 పెట్టెలు విడిపించి, 192 మాత్రం గోదాముకు చేర్చి, మిగిలిన 10 పెట్టెలు ఎద్దుబండి మీద ఎటో తోలించేశాడు. వాటిలో ఇవే మౌజర్లు 50, గుండ్లు 46,000. బెంగాలు అంతటా అవి పంచుకుపోయాయి. మరుసటి ఏడు బాలసోర్ దగ్గర బాఘా జతిన్ చివరి పోరాటంలోనూ మౌజర్లే ఉన్నాయి. తర్వాత ఎక్కడ ఏది దొరికినా నెంబరు చూసి, ఇది రోడా సరుకని పోలీసులు పట్టేసేవారట. మనిషి నోరు విప్పకపోయినా ఇనుము చెప్పేస్తుంది.

ఈ కథ వినగానే మా మరిది కొడుకు కళ్లు మెరిశాయి. "మనది కూడా అందులోది కాదు గదా తాతా? కోట్లు చేస్తాది!" అన్నాడు. "మరి మీ తాతల నాయన జర్మనీవాణ్ణి పట్టుకున్న సంగతేం గావాల నాయనా?" అన్నారు సాయిబుగారు. వాడు వెంటనే పక్షం మార్చాడు. సెల్‌ఫోను తీసి చూపించాడు. జర్మన్ సైన్యం 1916లో లక్షా యాభై వేల మౌజర్లకు ఆర్డరిచ్చింది. అవి 9 మిల్లీమీటర్ల గుండుకు చేసినవి. పాతవి 7.63. సిపాయిలు గుండ్లు తారుమారు చేయకుండా పిడి చెక్క మీద పెద్ద తొమ్మిది అంకె చెక్కి ఎర్రరంగు నింపారు. "చూడు తాతా, మన పిడి మీద ఎరుపు ఉండాది! అంకె అరిగిపోయింటాది, రంగు మిగిలింది. మిలిటరీదే!"

నిజంగానే ఉంది. చెక్క గీతల్లో ఎర్రగా, పేరుకొని. మా మరిది మొహం వెలిగింది. సాయిబుగారు భూతద్దం పెట్టి చూశారు. గోటితో చిన్నగా గీరారు. ఆ గోటిని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశారు. తర్వాత నావైపు తిరిగి, "అమ్మా, ఇది మీ దేవునింటి సరుకు" అన్నారు.

కుంకుమ. యాభై అరవై దసరాల కుంకుమ.

నాకు నవ్వు వచ్చింది, ఎందుకో కళ్లనీళ్లూ వచ్చాయి. మా మరిది మాత్రం నవ్వలేదు. అప్పుడు ఆయన తుపాకీని ఇంకొక పక్కకు తిప్పి, దీపం కింద పెట్టి, నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, చట్రం మీద సన్నగా ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదివారు. వెస్ట్లీ రిచర్డ్స్ అండ్ కో, లండన్. అది తుపాకులమ్మే పెద్ద దుకాణం. మౌజరు కంపెనీ దగ్గర కొని ఇంగ్లీషు వాళ్లకు అమ్మేవారు. అప్పట్లో దొరల ఆఫీసర్లు తమ పిస్తోలు తమ డబ్బుతోనే కొనుక్కునేవారు. కుర్రవాడుగా ఉన్నప్పుడు చర్చిల్ 1898లో సూడాను యుద్ధానికి మౌజరు పట్టుకుపోయింది అలాగే. "జర్మనీ సైన్యం సరుకుకు లండన్ దుకాణం పేరు ఉండదమ్మా. ఇది ఇంగ్లీషు దొర కొనుక్కున్నది."

"ఆ దొర దగ్గర జర్మనీవాడు గుంజుకోని, వాని దగ్గర మా జేజినాయన గుంజుకోని ఉండొచ్చు గదా?" అన్నాడు మా మరిది. ఆ గొంతు విని నాకు జాలేసింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఆ క్షణంలో పదేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. బళ్లో ఈ కథ చెప్పి ఎన్నిసార్లు గొప్పపడి ఉంటాడు!

సాయిబుగారు మంచి మనిషి. "అయ్యుండొచ్చు నాయనా" అన్నారు. కాని మేం నెంబరు సాక్ష్యం కోసం పట్టుకుపోయిన కాగితాల కట్టలో అట్టడుగున మొదటి లైసెన్సు ఉంది. నెంబరులో ఒకటి ఒకటిగానే ఉంది. సంవత్సరం 1924. పక్కన ఇంగ్లీషులో ఒక మాట, కొన్నది అని. గుంజుకున్నది అని లైసెన్సులో ఎవరూ రాయరనుకోండి.

తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ మాట్లాడలేదు. కర్నూలుకు ఆయుధాల సోదా కొత్త కాదని నాకు నేను ఏదో ఆలోచించుకుంటూ కూర్చున్నాను. 1839లో ఇంగ్లీషు వాళ్లు ఇదే ఊరి నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు పోగేశాడని వచ్చి వెతికారు. దొరికాయి కూడా, ఫిరంగులు పోతపోసే కొలుములతో సహా. నవాబును తిరుచిరాపల్లికి పంపేశారు. మరుసటి ఏడు అక్కడే ఆయన హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీ వాళ్లదైపోయింది. ఆ లెక్కన మా ఇంట్లో సోదా సులువుగానే జరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అలా అనుకుంటూ ముందు సీట్లో ఉన్న మా మరిది మెడ వంక చూసి, తగిలిందిలే అనుకున్నాను.

ఇంటికి వచ్చి ఆ రాత్రి ట్రంకుపెట్టె తీశాను. "మా అత్త కాసులకు" అన్న మాట చెవిలో గింగిరుమంటోంది. జేజినాయన లెక్కల పుస్తకాలు ఉన్నాయి అందులో, ఎర్ర గుడ్డ అట్టలవి, సగం చెదలు తిన్నవి. ఆయన లెక్కల మనిషి. బస్రాలోనూ ఆయన చేసింది లెక్కల పనే. ఈ సంగతి ఎవరూ దాచలేదు గానీ, కథ చెప్పేటప్పుడు ఎవరూ ఆ ముక్క చెప్పరు. 1924 జనవరి అంటే రుధిరోద్గారి సంవత్సరం, పుష్యమాసం. వెతికితే దొరికింది. జమ వైపు: కాసులపేరు 1కి, తులాలు 11. సొమ్ము ఎంతో చెదలు తినేసింది. ఖర్చు వైపు, అదే వారంలో: దొర వద్ద పిస్తోలు 1కి, పెట్టెతో సహా. నోటితో ఎన్ని ఆఫీసర్లనైనా పట్టుకోగలిగిన మనిషి, పుస్తకంలో మాత్రం అబద్ధం రాయలేకపోయాడు.

మరునాడు పొద్దున్నే ప్రొద్దుటూరుకు ఫోను చేశాను. మా ఆడబిడ్డ అంతా విని, "నాకు తెల్సు వదినా" అంది.

"నీకెట్లా తెలుసు?"

"జేజి చెప్పింది. నాకు ఎనిమిదేండ్లప్పుడు, తల దువ్వతా చెప్పింది. జేజినాయన ఆడ కంచరగాడిదల మేత లెక్కలు రాసేటోడంట. జరమొచ్చి ఆసుపత్రిలో చానా దినాలుండె. ఇంటికొచ్చేటప్పుడు ఖర్జూరాలు తెచ్చినాడంట, ఒక గోనె. ఊరంతా, యుద్ధానికి పోయి ఖర్జూరాలు తెచ్చినాడే అని నవ్విరంట. ఆయన అన్నం తినల్యాదంట కొన్నాళ్లు. ఆ తర్వాత యాడనో దొర ఊరిడిసి పోతాంటే సామాన్లు అమ్ముతాండారని తెలిసింది. జేజే తీసిచ్చిందంట కాసులపేరు."

"ఆయన అడిగాడా, ఆమే ఇచ్చిందా?"

"అది జేజి చెప్పల్య. నేను అడగల్య." కొంచెం ఆగి అంది, "ఆ పేరు వాళ్ల నాయన పెట్టింది వదినా. ఉంటే అమ్మకు వచ్చేది, అమ్మ తర్వాత నాకు వచ్చేది. ఆ మాట మాత్రం జేజి చెప్పింది."

"మరి ఇన్నేండ్లు అన్నదమ్ములకు చెప్పలేదేం?"

"వాళ్లు ఆ కథ చెప్పేటప్పుడు మొగాలు చూసినావా నువ్వు?"

చూశాను. నిన్ననే చూశాను.

మా మరిదికి నేనే చెప్పాను. పుస్తకం ముందు పెట్టి, వేలుతో చూపించి. దాచిపెడదామా అని ఒకపూట ఆలోచించిన మాట నిజం. కాని ఎనిమిదేళ్ల వయసు నుంచి ఒక్కతే మోసిన దాన్ని ఇంకా మొయ్యమ్మా అని ఆ పిల్లతో (డెబ్బై దగ్గరపడ్డ పిల్ల అనుకోండి) ఏ మొహంతో అనను? ఆయన రెండుసార్లు చదివాడు. "జేజినాయన రాతే" అన్నాడు. భోజనానికి ఉండమంటే ఉండకుండా వెళ్లిపోయాడు. నాలుగు రోజులు ఫోను లేదు. అయిదో రోజు వచ్చి, "ఆ తుపాకి ఆడోళ్ల సొమ్ము వదినా. దాని సంగతి చెల్లెల్నడుగు" అన్నాడు. వాళ్లబ్బాయి, మా అబ్బాయి మాత్రం ఇంకా ఫోన్లో వాదించుకుంటూనే ఉన్నారు, దొర నుంచి జర్మనీవాడు, జర్మనీవాడి నుంచి జేజినాయన అని. వాదించుకోనివ్వండి.

నెంబరు సరిచేయించడానికి ఏడాది పైగా పట్టింది. 1924 నాటి కాగితమే కాపాడింది. అందులో ఒకటి ఒకటిగా ఉండబట్టి సరిపోయింది. లేకుంటే ఈ వయసులో నేను చట్టవిరుద్ధంగా ఆయుధం దాచిన మనిషినై, ఎదురింటావిడ ప్రశ్నకు అవునండీ అనవలసి వచ్చేది. ఆ తర్వాత మా ఆడబిడ్డ ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. లైసెన్సు తనకు వద్దంది. అమ్మడమూ వద్దంది. ప్రస్తుతానికి ఆ దుకాణంలోనే దాచుదామని నలుగురం కలిసి వెళ్లాం.

సాయిబుగారు రసీదు రాసేముందు తుపాకీ తుడవడానికి నూనె గుడ్డ తీశారు. మా ఆడబిడ్డ చెయ్యి అడ్డం పెట్టి, "పిడి మాత్రం తుడవద్దు బాబయ్యా" అంది. ఆయన గుడ్డ పక్కన పెట్టి, కళ్లద్దాలు పైకి తోసుకొని, ఒక్కొక్క మాటే పైకి చదువుతూ రాశారు. ".30 బోరు మౌజరు పిస్తోలు ఒకటి. చెక్కపెట్టె ఒకటి, నెంబరు వేరు. ఘోడా, నెంబరు వేరు. పిడి మీద ఎర్ర మరక, ఉన్నది ఉన్నట్టు."

అందరం సంతకాలు చేశాం. మా ఆడబిడ్డ చేత మొదట చేయించాం. బయటికి వచ్చి, బురుజు దగ్గర ఉగ్గాని బజ్జీ తిన్నాం. డబ్బులు మా మరిది ఇచ్చాడు. దుకాణంలో దాచినందుకు నెలనెలా కట్టే డబ్బు కూడా ఆయనే కడుతున్నాడని, మొన్న రసీదు కొత్తది తేవడానికి పోయినప్పుడు సాయిబుగారు చెప్తే తెలిసింది.